తవిటయ్య అన్న పేరు ఎలా వచ్చింది?

మా బడిలో మూడో తరగతి పిల్లలకు ప్రతి ఏడాది జనవరిలో 'మన వంశవృక్షం' అనే పాఠం చెబుతాము. పిల్లలు ఒక పెద్ద అట్ట మీద చెట్టు బొమ్మ గీసి, కింద తమ పేరు, పైన అమ్మానాన్నల పేర్లు, ఆ పైన తాతయ్యలు, అమ్మమ్మ, నాన్నమ్మల పేర్లు, వీలైతే ముత్తాతల పేర్లు కూడా తెలుగులో రాసి తీసుకురావాలి. ఒత్తులు, గుణింతాలు నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం మాకు దొరకలేదు. సుబ్రహ్మణ్యం అన్న పేరు తప్పు లేకుండా రాయగలిగిన పిల్లవాడు ఇక తెలుగులో ఏ మాటకూ భయపడనక్కరలేదు కదా!

పోయిన ఏడాది ఆ పాఠం రోజున తొమ్మిదేళ్ళ అబ్బాయి ఒకడు చాలా అందమైన చెట్టు గీసుకొచ్చాడు. ఆకులకు మూడు రకాల ఆకుపచ్చ రంగులు వేశాడు. అన్ని గళ్ళలోనూ పేర్లు ఉన్నాయి, ఒక్క ముత్తాత గడిలో తప్ప. అక్కడ పెన్సిల్‌తో ఏదో రాసి చెరిపేసిన గుర్తులు ఉన్నాయి. "ముత్తాతగారి పేరు తెలియదా బాబూ?" అని అడిగితే, "తెలుసు టీచర్, కానీ అది నైస్ నేమ్ కాదు" అన్నాడు. మరీ మరీ అడిగిన మీదట చాలా మెల్లగా "తవిటయ్య" అన్నాడు.

పిల్లలు నవ్వారు. పిల్లలు నవ్వడం పెద్ద విషయం కాదు, వాళ్ళు 'పకోడీ' అన్నా నవ్వుతారు. అయితే మా ఉపాధ్యాయుల్లో ఒకరికి కూడా నవ్వు వచ్చింది, ఆ నవ్వును సమయానికి ఆపుకోలేకపోయాము. ఆ అబ్బాయి తన అట్టను బోర్లించి బల్ల మీద పెట్టేశాడు. ఆ రోజు ఇక దాన్ని తిరగెయ్యలేదు.

తరువాత మాకు చాలా సిగ్గనిపించింది. తెలుగు నేర్పడానికి బడి పెట్టుకుని, ఒక తెలుగు పేరు విని నవ్వాము. ఆ వారమంతా ఆ పేరు గురించి తెలుసుకోవడానికి ప్రయత్నించాము, పెద్దలను అడిగాము, ఆ అబ్బాయి అమ్మానాన్నలతో మాట్లాడాము, వాళ్ళ నాన్నమ్మగారికి శ్రీకాకుళం ఫోన్ చేశాము. రెండు వారాల తరువాత అదే తరగతిలో ఆ పేరు మీదే పాఠం చెప్పాము. మిగతా పిల్లలకూ, ముఖ్యంగా తల్లిదండ్రులకూ ఉపయోగపడుతుందని ఆ పాఠాన్ని ఈ సంచికలో రాస్తున్నాము.

ముందుగా మాటకు అర్థం చూద్దాం. తవిటయ్యలో ఉన్నది 'తవుడు'. ఇక్కడ పుట్టిన పిల్లలు బియ్యాన్ని ఇరవై పౌన్ల సంచీలోనే చూస్తారు గనుక కొంచెం వివరంగా చెప్పాలి. పొలంలో పండేవి వడ్లు. వాటిని రోట్లో పోసి రోకలితో దంచి, చేటతో చెరిగితే పైన ఉన్న గట్టి పొట్టు విడిపోతుంది. అది ఊక. ఇంకా దంచితే గింజకు అంటుకుని ఉన్న పల్చని గోధుమ రంగు పొర పొడిగా రాలుతుంది. అదే తవుడు. దంచేటప్పుడు విరిగిపోయిన ముక్కలు నూకలు. చివరకు మిగిలిన తెల్లని గింజలు బియ్యం. బియ్యం మనుషులకు, నూకలు జావకూ ఉప్మాకూ, తవుడు కుడితిలో కలిపి గొడ్లకు. పొద్దున పాలల్లో వేసుకునే రైసిన్ బ్రాన్ డబ్బా మీద ఉన్న 'బ్రాన్' అన్న మాట మీ అందరికీ తెలుసు. అది గోధుమ తవుడు. మనకు తెలిసిన తవుడు వరిది, అంతే తేడా.

ఇంట్లో ఉన్న వస్తువులన్నిటిలోకీ చవకైనది తవుడు. "తవుడుకు వచ్చిన చెయ్యే ధనానికి వస్తుంది" అని ఒక సామెత ఉంది. చిన్న దొంగతనం చేసినవాడు పెద్ద దొంగతనమూ చేస్తాడని దాని భావం. సామెత చెప్పినవారికి లోకంలో ఆ కొస ధనం, ఈ కొస తవుడు.

పెద్ద తరగతి పిల్లలు ఇక్కడ ఒక వ్యాకరణ విషయం గమనించాలి. తవుడు అన్న మాట తవిటయ్యలో 'తవిటి' ఎందుకయింది? తెలుగులో కొన్ని మాటలు వేరే మాటతో కలిసేటప్పుడు చివర 'డు' పోయి 'టి' వస్తుంది. గూడు, గూటిలో పిట్ట. కూడు, కూటికోసం. నాడు, నాటి మాట. ఏడు, ఈ ఏటి పండుగ. అలాగే తవుడు, తవిటి. తవిటి, అయ్య కలిస్తే తవిటయ్య. అమ్మ కలిస్తే తవిటమ్మ. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల్లో తవిటినాయుడు అనీ, ఏమీ చేర్చకుండా తవుడు అనీ కూడా పేర్లు ఉన్నాయి. మిగతా తెలుగు ప్రాంతాల వారికి ఈ పేరు అరుదుగానే వినిపిస్తుంది. మా ఉపాధ్యాయుల్లో గుంటూరు వారూ, వరంగల్లు వారూ దీన్ని అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

మరి కన్నబిడ్డకు ఎవరైనా గొడ్లు తినే తవుడు పేరు పెడతారా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు పిల్లలను ఒకటి అడిగాము. "మీ చిన్నప్పటి ఫొటోల్లో బుగ్గ మీద నల్ల చుక్క ఉందా?" తరగతిలో సగం మంది చేతులెత్తారు. దాన్ని దిష్టి చుక్క అంటారు. బిడ్డ మరీ ముద్దుగా ఉంటే చెడు చూపు పడుతుందనీ, అందుకని ముఖం మీద ఒక చిన్న లోపం పెడితే ఆ చూపు తప్పుకుంటుందనీ పెద్దల నమ్మకం. తవిటయ్య అన్న పేరు కూడా అలాంటి దిష్టి చుక్కే. చుక్క స్నానం చేస్తే పోతుంది, పేరు మాత్రం జన్మంతా ఉంటుంది.

వరసగా పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే ఆ తరువాత పుట్టిన బిడ్డను దక్కించుకోవడానికి ఉత్తరాంధ్ర పల్లెల్లో ఒక ఆచారం ఉండేది. ఆ బిడ్డను తవుడుకు అమ్మేసేవారు. అంటే నిజంగా ఎవరికో ఇచ్చేయడం కాదు. పొరుగింటావిడో, దగ్గరి బంధువో వచ్చి కాసిని తవుడు ఇచ్చి బిడ్డను 'కొనుక్కుంటారు'. ఆ క్షణం నుంచి ఆ బిడ్డ ఆ ఇంటిది కాదు, పైగా దాని విలువ దోసెడు తవుడు. ఇక మృత్యువు ఆ ఇంటికి వచ్చి చూసినా తీసుకుపోవడానికి అక్కడ ఆ తల్లి బిడ్డ లేడు, ఉన్నవాడు తీసుకుపోదగినవాడు కాడు. అలా బతికిన పిల్లవాడు తవిటయ్య, పిల్ల తవిటమ్మ.

నాన్నమ్మగారితో మాట్లాడినప్పుడు ఈ సంగతి మాకు పుస్తకంలో చదివినదానికంటే ఎక్కువ అర్థమయింది. ఇక్కడ శనివారం రాత్రి, అక్కడ ఆదివారం పొద్దున్న. స్పీకర్ ఫోన్ చుట్టూ అబ్బాయి, వాళ్ళ అమ్మానాన్నలు, మాలో ఇద్దరు కూర్చున్నాము. తవిటయ్యగారు ఆవిడకు మామగారు. 1922 ప్రాంతంలో శ్రీకాకుళం దగ్గర ఒక పల్లెలో పుట్టారట. (పిల్లలకు ఒక వింత. ఆ ప్రాంతం 1936 వరకు గంజాం జిల్లాలో ఉండేది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. అంటే ఆయన ఒక్క ఊళ్ళోనే ఉండి మూడు జిల్లాల్లో బతికారు!)

"ముందు ముగ్గురు పోనారమ్మా" అన్నారు ఆవిడ. "నాలుగోవోరు మా మావగోరు. ఈడైనా దక్కాలని అమ్మీసినారు. నాను కాపరానికి ఎల్లీసరికి ఆ ముసిలమ్మ ఇంకా ఉంది, తనే సెప్పింది."

అమ్మకం ఎలా జరిగిందో కూడా చెప్పారు. బిడ్డ పుట్టిన మూడో రోజున మంత్రసాని బిడ్డను చేటలో పడుకోబెట్టి పెరటి గుమ్మం గుండా బయటకు తీసుకువెళ్ళింది. వీధి గుమ్మం గుండా కాదు, పనికిరానివి పారేసేది పెరటి వైపునుంచే కదా! పొరుగింటావిడ అడ్డెడు తవుడు కొలిచి పోసి బిడ్డను తీసుకుంది. అడ్డ అంటే కుంచంలో సగం. తల్లి ఆ తవుడును ఆవుకు పెట్టింది. కాసేపటికి పొరుగింటావిడ వచ్చి, "నా కొడుకుని పెంచి పెట్టు తల్లీ" అని బిడ్డను మళ్ళీ ఒళ్ళో పెట్టి వెళ్ళింది. ఆ తరువాత ఆవిడ బతికినంతకాలం ఈ వేళాకోళం సాగిందట. పిల్లవాడు అల్లరి చేసినప్పుడల్లా తల్లి "నీ కొడుకుని నువ్వు తీసుకుపో" అనడం, ఆవిడ "అయితే నా తవుడు నాకు కొలిచియ్యి" అనడం. తవిటయ్యగారి పెళ్ళిలో తల్లికి పెట్టినట్టే ఆ పొరుగింటావిడకు కూడా చీర పెట్టారు.

అబ్బాయి అంతవరకూ ఏమీ మాట్లాడలేదు. ఆ చీర సంగతి విన్నాక మాత్రం, "సో హి హాడ్ టూ మామ్స్!" అన్నాడు. మేము అవునన్నాము.

ఇలాంటి పేరు ఇదొక్కటే కాదు. తిని వదిలేసిన ఎంగిలి విస్తరిని పుల్లాకు అంటారు. బిడ్డలు దక్కని ఇళ్ళల్లో పసిగుడ్డును పుల్లాకుల మీద దొర్లించి పుల్లయ్య, పుల్లమ్మ అని పేరు పెట్టేవారు. పెంట అంటే చెత్త కుప్ప. దాని మీద పడుకోబెట్టి తీసుకుంటే పెంటయ్య, పెంటమ్మ. నలుగురిళ్ళకూ వెళ్ళి భిక్ష ఎత్తి ఆ గింజలతో బిడ్డ పేరున మొక్కు తీర్చుకుంటే భిక్షమయ్య, బిచ్చమ్మ. తెలంగాణలో ఈ భిక్షం పేర్లు చాలా ఎక్కువ. అయితే ఇక్కడ కొంచెం జాగ్రత్తగా ఉండాలి. భిక్షపతి అంటే శివుడి పేరు కూడా. నూకరాజు అన్న పేరు నూకల నుంచి వచ్చిందని కొందరు అనుకుంటారు గానీ, అనకాపల్లి నూకాలమ్మకు మొక్కుకుని పెట్టుకున్నవారే ఎక్కువ. పెంచలయ్య అన్నది పెంటయ్యకు దగ్గరగా వినిపించినా దానికీ దీనికీ సంబంధం లేదు, అది నెల్లూరు జిల్లా పెంచలకోన నరసింహస్వామి పేరు. పేరు వినగానే అర్థం చెప్పెయ్యకూడదు, ఇంట్లో పెద్దవాళ్ళను అడగాలి.

ఇంకొక సంగతి. మనలో తాత పేరు మనవడికి పెట్టే అలవాటు ఉంది. అందుచేత తవిటయ్య అన్న పేరున్న ప్రతివారినీ తవుడుకు అమ్మినట్టు కాదు. మొదట ఒక తాతను అమ్మి ఉంటారు, ఆయన గౌరవార్థం పేరు కిందికి దిగి వచ్చి ఉంటుంది.

ఈ పేర్లవాళ్ళు ఏమయ్యారని పిల్లలు అడిగారు. మంచి ప్రశ్న. తెలుగు సినిమా మొదటి రోజుల్లో ఇద్దరు గొప్ప దర్శకుల పేరు పుల్లయ్యే. ఒకరు చిత్తజల్లు పుల్లయ్యగారు, 1934లో 'లవకుశ' తీశారు. రెండవ వారు పి. పుల్లయ్యగారు, 1960లో 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం' తీసినవారు. తమిళంలో కుప్పై అంటే చెత్త. మన తెలుగులో కుప్ప అంటే రాశి మాత్రమే గనుక కుప్పుస్వామి అన్న పేరులోని అసలు అర్థం మనకు తట్టదు. ఆ పేరుగల కుప్పుస్వామి శాస్త్రిగారు గొప్ప సంస్కృత పండితులు, మద్రాసులో ఆయన పేరు మీద ఒక పరిశోధన సంస్థే ఉంది. తమిళంలో పిచ్చై అంటే భిక్ష. 2015లో గూగుల్ సంస్థకు అధిపతి అయిన సుందర్ పిచ్చైగారి పేరులో ఉన్నది ఆ మాటే. మీ కంప్యూటర్లో ఆ పేరు చదివి నవ్వినవారు ఎవరూ లేరు కదా!

అన్నిటికంటే తవిటయ్యకు దగ్గర చుట్టం బెంగాల్లో ఉన్నాడు. ఖుదీరామ్ బోస్ పేరు వినని తెలుగువారు అరుదు. మిడ్నపూర్ జిల్లాలో 1889 డిసెంబరు 3న పుట్టాడు. అతనికి ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలు పోయారు. అందుకని తల్లి ఇతన్ని తన పెద్ద కూతురికి మూడు గుప్పిళ్ళ ఖుద్‌కు అమ్మేసింది. బెంగాలీలో ఖుద్ అంటే నూకలు. ఆ పేరే ఖుదీరామ్. ఆ అక్కే అతన్ని పెంచింది. 1908 ఆగస్టు 11న ముజఫర్‌పూర్ జైల్లో తెల్లదొరలు ఉరి తీసేనాటికి అతనికి పద్దెనిమిదేళ్ళు. తెలుగులో 'భూమ్మీద ఇంకా నూకలున్నాయి' అంటే ఆయుష్షు ఉందని అర్థం. ఖుదీరామ్ సంగతి చదివినప్పుడల్లా మాకు ఆ మాట గుర్తుకు వస్తుంది. బెంగాల్లోనే మూడు గవ్వలకు కొన్నవాడని అర్థం వచ్చే తిన్‌కోడి అన్న పేరు కూడా ఉంది.

ఇదంతా మన దేశపు వింత అనుకోకండి. మంగోలియాలో బిడ్డలు పోయిన ఇంట్లో పుట్టినవాడికి నెర్గుయి అని పేరు పెడతారు, అంటే 'పేరు లేదు'. ఎనెబిష్ అన్న పేరుకు 'ఇతను కాదు' అని అర్థం. ఎవరినో వెతుక్కుంటూ వచ్చిన దుష్టశక్తికి 'ఇతను కాదు, వెళ్ళు' అని చెప్పడమన్నమాట. కొరియాలో పసివాళ్ళను ముద్దుగా 'కుక్క పేడ' అని పిలిచేవారు. నైజీరియాలో యొరూబా జాతివారు మళ్ళీ మళ్ళీ పుట్టి పోతున్న బిడ్డకు 'మళ్ళీ వెళ్ళకు' అని అర్థం వచ్చేట్టు మలోమో అని పేరు పెడతారు. తూర్పు యూరప్ యూదులు జబ్బుపడ్డ పసివాడికి ఆల్టర్ అని పేరు పెట్టేవారు, అంటే 'ముసలివాడు'. పసివాడి కోసం వచ్చిన యముడు ముసలివాడి పేరు విని తికమక పడి వెళ్ళిపోవాలని ఆశ. ఇవన్నీ ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నవి కావు. ఎవరి ఇంట్లో వాళ్ళు ఏడ్చి కనిపెట్టుకున్నవి.

అయితే చెడ్డ అర్థం ఉన్న ప్రతి పేరు వెనకా ప్రేమే ఉందని చెబితే అబద్ధం చెప్పినట్టు అవుతుంది. మహారాష్ట్రలో వరసగా ఆడపిల్లలు పుట్టినప్పుడు చివరి పిల్లకు నకుసా అని పేరు పెట్టిన ఇళ్ళు ఉన్నాయి. నకుసా అంటే 'అక్కరలేనిది'. 2011 అక్టోబరులో సతారా జిల్లాలో 285 మంది ఆడపిల్లలకు ఒక సభలో కొత్త పేర్లు పెట్టారు, చాలామంది తమ పేరును తామే ఎన్నుకున్నారు. తవిటమ్మ, నకుసా ఒకలాంటి పేర్లుగా కనిపిస్తాయి గానీ కావు. ఒకరిని ఉంచుకోవడానికి పెట్టిన పేరు, ఇంకొకరిని వద్దనుకుని పెట్టిన పేరు. మన ఊళ్ళల్లో కూడా పేదవారి పిల్లలకు మంచి పేర్లు పెట్టుకుంటే ఊరి పెద్దలు ఒప్పుకోని రోజులు ఉండేవి. మంచి పేరు పెట్టినా 'గాడు' తగిలించి పిలిచేవారు. ఆ తరువాత సినిమాల్లో హాస్యగాళ్ళకూ, పనివాళ్ళకూ పుల్లయ్య, పెంటయ్య అని పేర్లు పెట్టి నవ్వించారు. మా ఉపాధ్యాయుడికి వచ్చిన నవ్వు కూడా అక్కడినుంచి వచ్చినదే అయి ఉండాలి. ఈ నవ్వులకు భయపడి బడిలో చేర్చేటప్పుడు రిజిస్టరులో పేరు మార్చుకున్న వాళ్ళు ఎంతోమంది.

ఇప్పుడు అసలు సంగతి. అంతమంది పిల్లలు ఎందుకు పోయేవారు?

నూరేళ్ళ క్రితం మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో సుమారు 200 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. మా తరగతిలో ఇరవై మంది ఉన్నారు. నలుగురిని లేచి నిలబడమని అడుగుదామనుకున్నాము, కానీ మనసొప్పక బోర్డు మీద ఇరవై చుక్కలు పెట్టి నాలుగింటిని చెరిపాము. అమెరికా కూడా అప్పుడు ఏమంత గొప్పగా లేదు, 1915లో ఇక్కడ 1000 మందికి 100 మంది పోయేవారు. మశూచి, కలరా, బొడ్డుకోసిన కొడవలి నుంచి వచ్చే ధనుర్వాతం, చలిజ్వరం, ఇలా ఎన్నో కారణాలు.

ఆ కారణాల్లో ఒకదానికి తవుడుతోనే సంబంధం ఉంది. ఇది చదివినప్పుడు మేము కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాము. బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టి తవుడంతా తీసేసి, దాన్నే ముఖ్యమైన తిండిగా తినేవారికి బెరిబెరి అనే జబ్బు వస్తుంది. కాళ్ళు చచ్చుబడతాయి, గుండె వాస్తుంది. తవుడులో ఉండి బియ్యంలో లేకుండా పోయే ఆ పదార్థం కోసం వెతుకుతూనే కాసిమిర్ ఫంక్ అనే శాస్త్రవేత్త 1912లో 'విటమిన్' అన్న మాటను సృష్టించాడు. దాన్ని ఇప్పుడు బి1 అంటున్నాము. ఈ జబ్బు మన కోస్తా జిల్లాలకు బాగా తెలిసినదే. 1835లోనే మాల్కంసన్ అనే దొర దీని మీద మద్రాసులో ఒక పుస్తకం అచ్చువేశాడు. 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన కోసం మొదలుపెట్టిన కేంద్రమే తరువాత పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చింది, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆ కూనూరు పరిశోధకులు ఎక్రాయిడ్, కృష్ణన్‌గార్లు 1941లో మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి ఉన్న ప్రాంతాల్లోని పసిపిల్లల మరణాల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. తల్లి తినే అన్నంలో బి1 లేకపోతే తల్లి పాలలోనూ ఉండదు. పైకి బాగానే ఉన్న రెండు మూడు నెలల బిడ్డ ఉన్నట్టుండి గుండె ఆగి పోతుంది. ఆ తల్లికి కారణం తెలియదు. దిష్టి అనుకుంటుంది.

కొన్ని ఇళ్ళల్లో బిడ్డను తవుడుకు అమ్మారు. ఆ తవుడు ఆవు తిన్నది.

ఇప్పుడు భారతదేశంలో 1000 మందికి పోయేవారు 25 చుట్టుపక్కల ఉన్నారు. మశూచి 1975 తరువాత మన దేశంలో లేదు. టీకాలు, ఆస్పత్రి కాన్పులు, శుభ్రమైన నీళ్ళు వచ్చాయి. తవిటయ్య, పుల్లమ్మ, పెంటయ్య అన్న పేర్లు తగ్గిపోవడానికి నాగరికం, మోజు మాత్రమే కారణాలు కావని మేము అనుకుంటాము. దిష్టి చుక్క పెట్టినంతగా భయపడవలసిన అవసరం తగ్గింది, పేరు కూడా తగ్గింది. ఈ దేశంలో సోషల్ సెక్యూరిటీ వారు 1880 నుంచి ఏ ఏడాది ఏ పేరు ఎందరికి పెట్టారో లెక్క చెబుతారు. ఒక ఏడాదిలో కనీసం ఐదుగురికి పెట్టిన పేరే ఆ జాబితాలో వేస్తారు. తవిటయ్య అందులోకి ఎక్కాలని మేము కోరుకోవడం లేదు. పెట్టుకోమని ఎవరికీ చెప్పము కూడా. కానీ ఒకాయన ఆ పేరుతో బతికి, పిల్లలను కని, వాళ్ళను చదివిస్తేనే ఈ అబ్బాయి ఇవాళ ఇక్కడ మా బడికి వస్తున్నాడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ పాఠం తరువాత మరి నలుగురు పిల్లలు తమ చెట్లను మళ్ళీ తీసుకొచ్చారు. ఇంట్లో 'బాగుండదు' అని మార్చి రాసిన పేర్లు కొన్ని బయటపడ్డాయి. ఒక ముత్తవ్వ పేరు లక్ష్మి కాదు, పుల్లమ్మ. ఒక తాతగారు 'పి. రావు' కాదు, పెంటయ్య. పిల్లలకు సిగ్గు లేదు, మనం నేర్పితేనే వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి. ఫోన్ కార్డులు కొని నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడిన రోజులు పోయాయి కదా, ఇప్పుడు ఎంతసేపైనా మాట్లాడవచ్చు.

ఆ అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాము. మరుసటి వారం కొత్త అట్ట మీద చెట్టు మళ్ళీ గీసుకొచ్చాడు. ముత్తాత గడిలో తవిటయ్య అని నల్ల ఇంకుతో రాశాడు. ట కింద వత్తు పెట్టబోయి మానేసినట్టు ఒక చిన్న మరక ఉంది. ఆ గడి పక్కనే మూడు చిన్న ఆకులు ఖాళీగా ఉన్నాయి. అవి ఎవరివని అడిగితే, "ముత్తాత కన్నా ముందు వాళ్ళు" అన్నాడు. వాళ్ళకు పేర్లు ఉన్నాయా అని వాడే నాన్నమ్మను మళ్ళీ ఫోన్లో అడిగాడట. ఇద్దరు పేరు పెట్టేలోగానే పోయారు. మొదటి పిల్లకు మాత్రం పెట్టారు. రెండేళ్ళు బతికింది. "మంచి పేరే ఎట్టినారు బాబూ. లచ్చిమి" అన్నారట ఆవిడ.

వాడు పెన్ను పట్టుకుని మా బల్ల దగ్గరకు వచ్చాడు. "టీచర్, లక్ష్మిలో క్ష కింద మ వత్తు ఎలా రాయాలి?" అని అడిగాడు. రాసి చూపించాము. మొదటి ఆకులో రాసుకున్నాడు. మిగిలిన రెండు ఆకులకు పచ్చ రంగు వేశాడు.